ఉమ్మడి సముద్ర విద్యుత్ గ్రిడ్‌కు ఆర్థిక, నియంత్రణ ప్రణాళిక వేసే విధానం: ఉత్తర సముద్రం, బాల్టిక్ అనుభవాలతో

సముద్రంలోని పవన విద్యుత్ కేంద్రం నుంచి ఒడ్డుకు వేసిన కేబుల్ ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో పనిచేయదు. ఉత్తర సముద్రంలా గాలి పుష్కలంగా ఉన్న చోట కూడా సగటున అందులో సగానికి అటూ ఇటూ మాత్రమే వినియోగమవుతుంది. అదే కేబుల్‌ను పొడిగించి పొరుగు దేశపు తీరంతోనో, అక్కడి పవన కేంద్రంతోనో కలిపితే, గాలి తగ్గిన వేళల్లో ఖాళీగా ఉండే సామర్థ్యం రెండు దేశాల మధ్య విద్యుత్ వ్యాపారానికి అక్కరకొస్తుంది. ఉమ్మడి సముద్ర గ్రిడ్ వెనుక ఉన్న ఆలోచన ఇంతే.

దీన్ని మొదట ఆచరణలో పెట్టింది బాల్టిక్ సముద్రంలోని క్రీగర్స్ ఫ్లాక్ ప్రాజెక్టు. జర్మనీ వైపు 48 మెగావాట్ల బాల్టిక్ 1, 288 మెగావాట్ల బాల్టిక్ 2 కేంద్రాలు ముందే ఉన్నాయి. డెన్మార్క్ వైపు సుమారు 600 మెగావాట్ల కేంద్రం అప్పటికి ప్రణాళికలో ఉండేది, అది 2021లో పూర్తయింది. రెండు వైపుల సముద్ర సబ్‌స్టేషన్ల మధ్య దూరం 30 కిలోమీటర్ల లోపే కావడంతో, డెన్మార్క్ ట్రాన్స్‌మిషన్ సంస్థ ఎనర్జీనెట్, జర్మనీ సంస్థ 50 హెర్ట్జ్ ఆ కాస్త దూరానికి రెండు కేబుళ్లు వేసి, 400 మెగావాట్ల అంతర్దేశ అనుసంధానాన్ని సాధించాయి. అది 2020 చివర్లో పనిచేయడం మొదలుపెట్టింది. తూర్పు డెన్మార్క్ గ్రిడ్, జర్మనీ గ్రిడ్ ఒకే లయలో నడవవు కాబట్టి జర్మనీలోని రోస్టాక్ దగ్గరి బెంట్‌విష్‌లో కన్వర్టర్ స్టేషన్ కట్టాల్సి వచ్చింది. ఆ కన్వర్టర్‌ను సముద్రంలోనే పెట్టాలని తొలుత అనుకున్నా, ఖర్చు మోయలేనంతగా తేలడంతో దాన్ని నేల మీదికి మార్చారు. మొదట్లో భాగస్వామిగా ఉన్న స్వీడన్ 2010లోనే తప్పుకుంది.

ఇలాంటి ప్రాజెక్టుల చరిత్ర చూసినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. మొత్తం మీద లాభం ఉందా లేదా అన్న దానిపై తగాదా తక్కువ. ఆ లాభం ఎవరి ఖాతాలో పడుతుంది, ఖర్చు ఎవరి బిల్లులోకి వెళుతుంది అన్న దగ్గరే పనులు ఏళ్ల తరబడి ఆగిపోతాయి. అందువల్ల పంపకం లెక్కను ఇంజినీరింగ్ డిజైన్ కంటే ముందే మొదలుపెట్టాలన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

పోలిక దేనితో అన్నది ముందు తేల్చుకోవాలి

లాభనష్టాల లెక్కలో మొదటి పని పోలికకు ఆధారాన్ని నిర్ణయించడం. ఉమ్మడి గ్రిడ్‌ను ‘ఏమీ కట్టకపోవడం’తో పోల్చితే ఏ ప్రాజెక్టయినా గొప్పగా కనిపిస్తుంది. సరైన పోలిక వేరు: ప్రతి పవన కేంద్రానికి దాని దేశపు ఒడ్డుకు విడిగా ఒక కేబుల్, రెండు దేశాల మధ్య విడిగా ఒక అంతర్దేశ కేబుల్ వేస్తే ఎంత ఖర్చవుతుంది, ఎంత ప్రయోజనం వస్తుంది అన్నదానితో పోల్చాలి. ఉమ్మడి ఏర్పాటులో కేబుల్ పొడవు, ఒడ్డున కన్వర్టర్ స్టేషన్ల సంఖ్య తగ్గుతాయి. కానీ సముద్ర ప్లాట్‌ఫారం పెద్దదవుతుంది, నియంత్రణ వ్యవస్థ జటిలమవుతుంది, గాలి బాగా వీచే వేళల్లో వ్యాపారానికి మిగిలే సామర్థ్యం విడి కేబుల్‌తో పోలిస్తే తగ్గుతుంది. ఈ మూడో అంశాన్ని చాలా ప్రాథమిక నివేదికలు తక్కువగా చూపిస్తాయి. ధరల తేడా, గాలి వేగం రెండింటినీ గంట గంటకూ కలిపి లెక్కిస్తే తప్ప అది బయటపడదు. ఏడాది సగటులతో చేసిన లెక్కను నియంత్రణ మండలి ముందుకు తీసుకెళ్లకూడదు.

భవిష్యత్తు ప్రయోజనాన్ని నేటి విలువలోకి మార్చే డిస్కౌంట్ రేటు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. ఐరోపా ట్రాన్స్‌మిషన్ సంస్థల సమాఖ్య ఎంట్సో-ఇ తన పద్ధతిలో ద్రవ్యోల్బణం తీసేసిన 4 శాతం రేటును వాడుతూ వచ్చింది. ఏటా 10 కోట్ల యూరోల ప్రయోజనం 25 ఏళ్లపాటు వస్తుందనుకుంటే, 4 శాతం రేటు దగ్గర దాని నేటి విలువ సుమారు 156 కోట్ల యూరోలు. రేటును 7 శాతానికి పెంచితే అది 117 కోట్లకు పడిపోతుంది. ప్రైవేటు పెట్టుబడిదారుడు రెండో అంకెను చూస్తాడు, ప్రభుత్వం మొదటి అంకెను చూస్తుంది. కనుక నివేదికలో రెండూ ఉండాలి.

దేశాలవారీగా, వర్గాలవారీగా ఖాతా

తర్వాతి పని ఒక పట్టిక వేయడం. అడ్డంగా దేశాలు రాయాలి. ప్రాజెక్టులో భాగం కాకపోయినా దాని వల్ల ధరలు మారే పొరుగు దేశాలను కూడా చేర్చాలి. నిలువుగా వినియోగదారులు, ఉత్పత్తిదారులు, ట్రాన్స్‌మిషన్ సంస్థలు, ప్రభుత్వ ఖజానా అని నాలుగు వర్గాలు రాయాలి. కొత్త అనుసంధానం వస్తే చౌక విద్యుత్ ఉన్న దేశంలో ధర పెరుగుతుంది, ఖరీదైన దేశంలో తగ్గుతుంది. చౌక దేశంలో ఉత్పత్తిదారుడు లాభపడతాడు, మామూలు వినియోగదారుడు నష్టపోతాడు. దేశం మొత్తానికి కూడితే లాభమే కనిపించవచ్చు గాని, ఓటు వేసేది వినియోగదారుడు. స్వీడన్ ప్రభుత్వం 2024 జూన్‌లో జర్మనీతో కలిపే 700 మెగావాట్ల హన్సా పవర్‌బ్రిడ్జ్ కేబుల్‌ను ఈ కారణంగానే తిరస్కరించింది. జర్మనీ మార్కెట్ సరిగ్గా పనిచేయడం లేదని, ఆ అనుసంధానం వల్ల దక్షిణ స్వీడన్‌లో ధరలు పెరిగే ప్రమాదం ఉందని వాదించింది. అది పవన కేంద్రం లేని మామూలు కేబులే అయినా, పాఠం ఉమ్మడి గ్రిడ్‌కూ వర్తిస్తుంది. కూడిక ఫలితం ఒక్కటే చూపించే నివేదిక రాజకీయ పరీక్షలో నిలబడదు.

ఒక గంట లెక్క

ఇప్పుడు అన్నిటికంటే చిక్కు ప్రశ్న: సముద్రంలోని పవన కేంద్రం ఏ ధరకు అమ్ముకోవాలి? దీనికి రెండు పద్ధతులున్నాయి. మొదటి దాంట్లో కేంద్రం ఏ దేశపు జలాల్లో ఉంటే ఆ దేశపు మార్కెట్ ధర దానికి దక్కుతుంది. రెండో దాంట్లో సముద్రంలోని ఆ భాగాన్నే ఒక ప్రత్యేక బిడ్డింగ్ జోన్‌గా, అంటే అంతటా ఒకే మార్కెట్ ధర ఉండే ప్రాంతంగా ప్రకటిస్తారు. అక్కడి ధర చుట్టూ ఉన్న కేబుళ్ల రద్దీని బట్టి తేలుతుంది.

ఊహించిన అంకెలతో ఒక గంట తీసుకుందాం. ‘అ’ దేశంలో మెగావాట్ అవర్ ధర 90 యూరోలు, ‘ఆ’ దేశంలో 40 యూరోలు. సముద్ర కేంద్రం ‘అ’ దేశపు జలాల్లో ఉంది, ఆ గంటలో 600 మెగావాట్లు ఉత్పత్తి చేస్తోంది. దాని నుంచి రెండు దేశాలకూ చెరొక 1,000 మెగావాట్ల కేబుల్ ఉంది. ధర ఎక్కువ ఉన్న ‘అ’ వైపు కేబుల్ పూర్తిగా నిండుతుంది: 600 మెగావాట్లు పవన కేంద్రం నుంచి, 400 మెగావాట్లు ‘ఆ’ దేశం నుంచి.

మొదటి పద్ధతిలో పవన కేంద్రానికి 600ను 90తో గుణిస్తే 54,000 యూరోలు వస్తాయి. ‘ఆ’ నుంచి వచ్చిన 400 మెగావాట్ల మీద 50 యూరోల ధర తేడాతో ట్రాన్స్‌మిషన్ సంస్థలకు 20,000 యూరోల రద్దీ ఆదాయం వస్తుంది. రెండో పద్ధతిలో, నిండిపోయింది ‘అ’ వైపు కేబుల్ మాత్రమే కాబట్టి సముద్ర జోన్ ధర ఖాళీ ఉన్న ‘ఆ’ వైపు ధరతో, అంటే 40 యూరోలతో సమానమవుతుంది. పవన కేంద్రానికి 24,000 యూరోలే దక్కుతాయి. రద్దీ ఆదాయం మాత్రం 1,000 మెగావాట్ల మీద 50 యూరోల చొప్పున 50,000 యూరోలకు పెరుగుతుంది.

రెండు పద్ధతుల్లోనూ మొత్తం 74,000 యూరోలే. విద్యుత్ ప్రవాహం కూడా ఒక్కటే. ఒకే ఒక్క గంటలో 30,000 యూరోలు పవన కేంద్రం జేబులోంచి కేబుల్ యజమానుల జేబులోకి మారాయి, అంతే. ఇలాంటి గంటలు ఏడాదిలో వేలల్లో రావచ్చు. ఈ లెక్కను గంటల వారీగా వేసి, పవన కేంద్రానికి తగ్గే ఆదాయం ఎంతో, దాన్ని ఏ రూపంలో పూడుస్తారో ప్రాజెక్టు తొలి పత్రంలోనే రాయాలి. అలా రాయకపోతే సముద్ర స్థలాన్ని వేలం వేసిన రోజున బిడ్డర్లు ఆ అనిశ్చితిని ధరలో కలుపుతారు, లేదా అసలు రారు.

రెండు పద్ధతుల్లో నేను రెండో దాన్నే సిఫారసు చేస్తాను. అది కేబుల్ రద్దీని నిజాయితీగా చూపిస్తుంది, భవిష్యత్తులో మూడో దేశాన్ని కలిపినా నియమాలు మార్చనక్కర్లేదు. అయితే ఆదాయ బదిలీకి పరిహారం లేకుండా దీన్ని అమలు చేయడం అన్యాయం.

నియంత్రణ చట్రాన్ని చదివే క్రమం

ఐరోపా యూనియన్ 2019 నాటి విద్యుత్ మార్కెట్ నియంత్రణ ప్రకారం, ట్రాన్స్‌మిషన్ సంస్థలు భద్రతా పరిమితులకు లోబడిన సామర్థ్యంలో కనీసం 70 శాతాన్ని జోన్ల మధ్య వ్యాపారానికి అందుబాటులో ఉంచాలి. పవన కేంద్రం స్వదేశీ జోన్‌లోనే ఉంటే, దాని ఉత్పత్తి ఒడ్డుకు చేరడం అంతర్గత ప్రవాహంగా లెక్కకొస్తుంది. గాలి బలంగా ఉన్న గంటల్లో మిగిలేది 70 శాతం కంటే తక్కువ. క్రీగర్స్ ఫ్లాక్‌కు సరిగ్గా ఈ ఇబ్బందే వచ్చింది. డెన్మార్క్, జర్మనీ మినహాయింపు కోరగా, యూరోపియన్ కమిషన్ 2020 నవంబరులో మంజూరు చేసింది. దాని ప్రకారం ముందుగా మరుసటి రోజు గాలి అంచనాను మినహాయించి, మిగిలిన సామర్థ్యం మీద 70 శాతం నియమాన్ని వర్తింపజేస్తారు. ప్రత్యేక సముద్ర జోన్ ఉంటే ఈ మినహాయింపు అవసరం ఉండదు. ఎందుకంటే పవన విద్యుత్ ఒడ్డుకు చేరడమే జోన్ల మధ్య వ్యాపారమవుతుంది. కొత్త ప్రాజెక్టు మినహాయింపు మీద ఆధారపడి ప్రణాళిక వేయడం మంచిది కాదు. మినహాయింపుకు గడువు ఉంటుంది, కేబుల్ అంతకంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

ఇక పరిహారం సంగతి. 2024లో వచ్చిన మార్కెట్ సంస్కరణ ఒక ముఖ్యమైన వెసులుబాటు ఇచ్చింది. ఒడ్డు మీద రద్దీ కారణంగా ట్రాన్స్‌మిషన్ సంస్థలు సముద్ర జోన్ నుంచి బయటికి వెళ్లే సామర్థ్యాన్ని తగ్గిస్తే, ఉత్పత్తిదారుడికి రద్దీ ఆదాయం నుంచి పరిహారం ఇవ్వవచ్చు. దీన్ని ట్రాన్స్‌మిషన్ అందుబాటు హామీ అంటున్నారు. ఒడ్డు మీది రద్దీ సముద్రంలోని వారికి ఎంత నష్టం చేయగలదో ఊహించుకోనక్కర్లేదు. పశ్చిమ డెన్మార్క్, జర్మనీ సరిహద్దులో ఏళ్ల తరబడి సామర్థ్యాన్ని కుదించారన్న అనుమానంపై యూరోపియన్ కమిషన్ పోటీ చట్టం కింద విచారణ జరిపిన తర్వాతే, 2018లో జర్మనీ ట్రాన్స్‌మిషన్ సంస్థ కనీస సామర్థ్యానికి హామీ ఇచ్చింది. అందుకని ఉమ్మడి గ్రిడ్ ప్రణాళికలో ఒడ్డు నుంచి లోపలికి వెళ్లే లైన్ల సామర్థ్యం, వాటి నిర్మాణ గడువు ఒక ప్రత్యేక అధ్యాయంగా ఉండాలి.

అందుబాటు హామీ కేబుల్ తగ్గింపుకే వర్తిస్తుంది. పైన ఒక గంట లెక్కలో చూసిన ధర తేడాను అది పూడ్చదు. దానికి రెండు వైపుల కాంట్రాక్ట్ ఫర్ డిఫరెన్స్ కావాలి: మార్కెట్ ధర ఒప్పంద ధర కంటే తక్కువైతే ప్రభుత్వం చెల్లిస్తుంది, ఎక్కువైతే ఉత్పత్తిదారుడు తిరిగి కడతాడు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. చెల్లింపును వాస్తవ ఉత్పత్తితో ముడిపెడితే, కేబుల్ నిండి ఉత్పత్తి ఆపేసిన గంటల్లో ఉత్పత్తిదారుడికి ఏమీ రాదు. బెల్జియం తన సముద్ర పవన విద్యుత్ ప్రాంతమైన ప్రిన్సెస్ ఎలిజబెత్ జోన్ కోసం ఎంచుకున్నట్టు, ఆ గంటలో గాలిని బట్టి ఎంత ఉత్పత్తి చేయగలిగేదో దానితో ముడిపెడితే ఈ చిక్కు తీరుతుంది. ఈ చెల్లింపు భారాన్ని రెండు దేశాల్లో ఎవరు ఎంత మోయాలన్నది రద్దీ ఆదాయం పంపకంతో కలిపి నిర్ణయించాలి. ఆదాయం ఒకరికి, భారం మరొకరికి పోయే ఒప్పందం ఎక్కువ కాలం నిలవదు.

యాజమాన్యం, లైసెన్సు

జర్మనీ, నెదర్లాండ్స్‌లలో సముద్ర కేబుల్‌ను ట్రాన్స్‌మిషన్ సంస్థే వేస్తుంది. డెన్మార్క్‌లో థోర్ పవన కేంద్రంతో మొదలుపెట్టి ఆ భారాన్ని డెవలపర్ మీద పెట్టారు. బ్రిటన్‌లో 2009 నుంచి సముద్ర లైన్లకు వేరే యజమానిని వేలం ద్వారా ఎంపిక చేస్తున్నారు. అక్కడ అంతర్దేశ కేబుల్‌కు ఒక లైసెన్సు, పవన కేంద్రపు లైనుకు వేరొక లైసెన్సు ఉండేవి. రెండు పనులూ చేసే కేబుల్‌కు చట్టంలో చోటే లేదు. 2023 ఎనర్జీ చట్టంలో బహుళ ప్రయోజన అంతర్దేశ కేబుల్ అన్న కొత్త లైసెన్సును చేర్చాక గాని ఆ అడ్డంకి తొలగలేదు. నెదర్లాండ్స్‌తో కలిపే 1.8 గిగావాట్ల లయన్‌లింక్, బెల్జియంతో కలిపే నాటిలస్ ప్రాజెక్టులకు బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2024 నవంబరులో ఆదాయానికి గరిష్ఠ, కనిష్ఠ పరిమితులతో కూడిన పథకం కింద ఆమోదం తెలిపింది. ప్రతి దేశంలోనూ కేబుల్‌లోని ఏ ముక్కకు ఏ లైసెన్సు వర్తిస్తుంది, దాని ఆదాయాన్ని ఎవరు నియంత్రిస్తారు అన్న పట్టికను మొదటి ఆరు నెలల్లోనే న్యాయనిపుణులతో వేయించుకోవాలి.

1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం ప్రకారం 12 నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, 200 మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి. మండలిలో కేబుళ్లు వేసే స్వేచ్ఛ ఇతర దేశాలకూ ఉంటుంది. కానీ ఆర్థిక ప్రయోజనం కోసం కట్టే ప్లాట్‌ఫారాల మీద అధికారం తీరదేశానిదే. పవన కేంద్రపు ప్లాట్‌ఫారాన్ని తాకే కేబుల్ కాబట్టి రెండు దేశాల అనుమతులూ తీసుకోవడమే క్షేమం.

ఖర్చు పంపకం

ఐరోపాలో 2022 నాటి అంతర్దేశ ఇంధన మౌలిక వసతుల నియంత్రణ కింద ఉమ్మడి ప్రయోజన ప్రాజెక్టుగా గుర్తింపు పొందితే, ఖర్చును సరిహద్దులకు అతీతంగా కేటాయించమని నియంత్రణ మండళ్లను కోరవచ్చు. మండళ్లు ఆరు నెలల్లో ఒప్పందానికి రాకపోతే నిర్ణయం ఐరోపా స్థాయి ఇంధన నియంత్రణ సంస్థ ఏసర్‌కు వెళుతుంది. దరఖాస్తులో మీరు వేసిన దేశాలవారీ పట్టిక ఇక్కడ ప్రధాన సాక్ష్యం. నికర నష్టం వచ్చే దేశానికి ముందు పరిహారం చూపించి, ఆ తర్వాత మిగిలిన లాభాన్ని పంచే పద్ధతి చర్చలను త్వరగా ముగిస్తుంది. ఖర్చును సగం సగం పంచుకుందామన్న ప్రతిపాదన వినడానికి సరళంగా ఉన్నా, లాభం సగం సగం కానప్పుడు అది చర్చను ఆలస్యం చేస్తుంది.

ఐరోపా నిధులు లోటును పూడుస్తాయి గాని, తప్పుడు పంపకాన్ని సరిచేయవు. క్రీగర్స్ ఫ్లాక్‌కు 15 కోట్ల యూరోల వరకు సాయం మంజూరైంది. డెన్మార్క్, జర్మనీ కలిసి తలపెట్టిన 3 గిగావాట్ల బోర్న్‌హోల్మ్ ఇంధన ద్వీపానికి 2025లో 64.5 కోట్ల యూరోలు ప్రకటించారు. బోర్న్‌హోల్మ్ విషయంలో ఆ సాయం వచ్చినా, భారం ఎవరు ఎంత మోయాలన్న చర్చ రెండు ప్రభుత్వాల మధ్య కొనసాగింది.

దశలు, గడువులు

2023 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఓస్టెండ్‌లో తొమ్మిది దేశాలు 2030 నాటికి ఉత్తర సముద్ర ప్రాంతంలో 120 గిగావాట్లు, 2050 నాటికి 300 గిగావాట్ల లక్ష్యం ప్రకటించాయి. ఆ మరుసటి ఏడాది డెన్మార్క్ ఉత్తర సముద్రంలో 3 గిగావాట్ల స్థలాలకు సబ్సిడీ లేకుండా టెండరు పిలిస్తే, డిసెంబరు గడువుకు ఒక్క బిడ్ కూడా రాలేదు. బెల్జియం ప్రిన్సెస్ ఎలిజబెత్ ద్వీపం అంచనా వ్యయం సుమారు 220 కోట్ల యూరోల నుంచి 700 కోట్లు దాటింది. దాంతో డీసీ (ఏకదిశ విద్యుత్) పరికరాల కాంట్రాక్టులను వాయిదా వేశారు. కాబట్టి పవన కేంద్రం ఆలస్యమైనా కేబుల్ ఒంటరిగా ఎంత సంపాదిస్తుంది, కేబుల్ ఆలస్యమైతే పవన కేంద్రానికి ఎవరు పరిహారమిస్తారు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం అంకెల్లో ఉండాలి. భవిష్యత్తు విస్తరణ కోసం ప్లాట్‌ఫారంలో ముందుగానే వదిలే అదనపు చోటుకయ్యే ఖర్చును విడిగా చూపించి, దాన్ని టారిఫ్‌లో కలపడానికి నియంత్రణ మండలి ముందస్తు ఆమోదం తీసుకోవాలి. వేర్వేరు తయారీదారుల కన్వర్టర్లు ఒకే డీసీ గ్రిడ్‌లో కలిసి పనిచేసేలా ప్రమాణాలను టెండరులోనే షరతుగా పెట్టాలి. లేకపోతే రెండో దశలో మొదటి దశ సరఫరాదారుడి ధరకే తల వంచాల్సి వస్తుంది.

భారతదేశంలో ఈ లెక్క ఇప్పుడే మొదలవుతోంది. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లకు 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. సముద్ర సబ్‌స్టేషన్, లైన్ల నిర్మాణాన్ని కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌మిషన్ సంస్థ పవర్‌గ్రిడ్‌కు అప్పగించింది. 2032 చివరిలోగా పనిచేయడం మొదలుపెట్టే సముద్ర పవన కేంద్రాలకు అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ ఛార్జీల మినహాయింపు ఉంది. మినహాయించిన ఛార్జీలు మాయమవవు, గ్రిడ్‌ను వాడే మిగతా సంస్థల మధ్య సర్దుబాటవుతాయి. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డిస్కంల వాటా కూడా ఉంటుంది. కనుక మన రాష్ట్రాల నియంత్రణ మండళ్లు కూడా ఇలాంటి లాభనష్టాల పట్టికను అడిగి చూడాల్సిన అవసరం ఉంది.

చివరగా ప్రభుత్వాల మధ్య ఒప్పందం. అందులో జోన్ పద్ధతి, రద్దీ ఆదాయం వాటాలు, మద్దతు చెల్లింపుల వాటాలు, వివాదం వస్తే తీర్పు చెప్పే వేదిక, ఒక దేశం వైదొలిగితే చెల్లించాల్సిన మొత్తం, ఆయుష్షు తీరాక ప్లాట్‌ఫారాన్ని తొలగించే ఖర్చు కోసం ఏటా పక్కన పెట్టే నిధి పొందుపరచాలి. ధరల అంచనాలు తారుమారైతే వాటాలను తిరిగి లెక్కించే సూత్రాన్ని, ఎన్నేళ్లకోసారి లెక్కించాలో ఆ గడువును కూడా అందులోనే రాయాలి. ఈ ఒప్పందంపై సంతకాలు సముద్ర స్థలాల టెండరు ప్రకటన తేదీకి ముందే పూర్తి కావాలి, దాని ప్రతిని టెండరు పత్రాలకు అనుబంధంగా బిడ్డర్లకు ఇవ్వాలి.